ఆదివారం రెండు గంటలు వండుకుంటే వారమంతా తిండి: తార్నాక రూమ్ కిచెన్ ముచ్చట్లు

తిన్నారా? ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే.

టాపిక్ వీకెండ్ వంట. రెస్టారెంట్ స్టైల్ బిర్యానీ, చీజ్ లావా కేక్ లాంటివి చూపిస్తా అనుకుని వచ్చినవాళ్లు ఉంటే ముందే సారీ. మాది తార్నాకలో ఒక రూమ్. నలుగురం అమ్మాయిలం. రెండు బర్నర్ల స్టవ్, 5 కిలోల చిన్న సిలిండర్, ఒక కుక్కర్, ఒక చిన్న మిక్సీ, నాలుగు స్టీల్ డబ్బాలు. ఫ్రిజ్ లేదు. ఈ సామానుతోటి ఆదివారం పొద్దున రెండు గంటలు కష్టపడితే సోమవారం నుంచి శనివారం దాకా మన కడుపు పరిస్థితి ఎట్లా మారుతుందో చెప్తా.

ముందు క్యాంపస్ తిండి గురించి మాట్లాడుకుందాం. ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ టైమ్‌టేబుల్ చెప్పక్కర్లేదు. పొద్దున లైబ్రరీలో సీటు దొరకాలని ఉరుకుడు, కాబట్టి టిఫిన్ కట్. చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. పదకొండింటికి ఆకలైతే ఒక పఫ్. మధ్యాహ్నం కుప్పంత తెల్లన్నం, దాని మీద పప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన సాంబారు. సాయంత్రం మిర్చీ బజ్జీ, మళ్లీ చాయ్. రాత్రి బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్. ఇక ఆదివారం అయితే చాలా హాస్టళ్లలో, పీజీల్లో మధ్యాహ్నం స్పెషల్ పెట్టి రాత్రికి మెస్ బంద్ చేస్తారు. గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్లు రెండేళ్లు, మూడేళ్లు ఇట్లనే లాగిస్తారు. ఆకలి చచ్చిపోతుంది కాబట్టి తిన్నట్టే అనిపిస్తుంది. కానీ ఒంటికి ఏం అందిందో లోపల తెలుస్తుంది.

మాకు ఎట్లా తెలిసిందో చెప్తా. ఒక రక్తదాన శిబిరానికి నలుగురం కలిసి పోయాం. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. వేలు గుచ్చి చూశారు. నలుగురిలో ముగ్గురిని వెనక్కి పంపారు. నాది 10.8. అక్కడి నర్సమ్మ చాలా మెల్లగా అడిగింది, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని. చాయ్ అని చెప్పా. "నిన్న పొద్దున?" అంది. అప్పుడూ చాయే.

ఇది మా నలుగురి కథ మాత్రమే కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే క్లాసులో ఇద్దరు అమ్మాయిలు పక్కపక్కన కూర్చుంటే సగటున ఒకరికన్నా ఎక్కువే. మెట్లెక్కితే ఆయాసం, చదివింది గుర్తుండకపోవడం, మధ్యాహ్నానికే నిద్ర ముంచుకురావడం. వీటన్నిటికీ మనం పెట్టుకునే పేరు "బద్ధకం". ఇంట్లోవాళ్లు పెట్టే పేరు "ఫోన్ ఎక్కువైంది". కారణం చాలాసార్లు ప్లేట్‌లో ఉంటుంది.

ఇప్పుడు అసలు తమాషా. ఈ దేశంలో ఎవరు ఏం తినాలి, ఎంత తినాలి అని లెక్కలు కట్టే ఆఫీసు మన క్యాంపస్ పక్కనే ఉంది. తార్నాక రోడ్డు మీద రోజూ బస్సులో దాటిపోతుంటాం కదా, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్. తెలుగులో జాతీయ పోషకాహార సంస్థ. మనందరం షార్ట్‌గా ఎన్ఐఎన్ అంటాం. బస్టాపు పేరు లాగా వాడేస్తాం గానీ లోపల ఏం చేస్తారో పట్టించుకోం.

దీని కథ బాగుంటుంది, రెండు నిమిషాలు వినండి. 1918లో తమిళనాడు కొండల్లో, కూనూర్‌లో, ఒక చిన్న గదిలో ఇది మొదలైంది. మన ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది కూడా 1918లోనే. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ అక్కడ బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధన చేసేవాడు. బెరిబెరి అంటే కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనమయ్యే జబ్బు. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే ఎక్కువ తిని, వేరేవి తక్కువ తినేవాళ్లకి వచ్చేది. తవుడుతో పాటు బీ1 విటమిన్ కూడా పోతుంది కాబట్టి. ఆయన ఎలుకలకి మన దేశంలో రకరకాల ప్రాంతాల భోజనాలు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పప్పు, కూరగాయలు, పాలు ఉన్న భోజనం తిన్న ఎలుకలు బాగా పెరిగాయి. అన్నం ఎక్కువ, మిగతావి నామమాత్రం అన్న భోజనం తిన్నవి వెనకబడ్డాయి. వందేళ్ల కింద ఆ ఎలుకలకి పెట్టిన ప్లేట్, మన ప్లేట్ పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూశా. నాకు నవ్వు రాలేదు.

ఆ సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది. 1969 నుంచి ఇప్పుడున్న పేరు. 2024లో వీళ్లు భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలు విడుదల చేశారు. మొత్తం 17 సూచనలు. అందులో రోజుకి 2000 కేలరీల ప్లేట్ ఎట్లా ఉండాలో గ్రాముల్లో ఉంది. బియ్యం, గోధుమ, జొన్న లాంటివి 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పండ్లు 100. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పల్లీలు, నువ్వుల లాంటివి 35. నూనె, నెయ్యి కలిపి 27. ఇవన్నీ వండకముందు బరువులు.

ఈ లిస్ట్ చూసి భయపడకండి. నాకు ఇందులో రెండే అంకెలు తగిలాయి. పప్పు 85, కూరగాయలు 400. మనం రోజూ తప్పుతున్నది ఈ రెండు చోట్లే. అన్నం తక్కువైందని ఎవరం బాధపడట్లేదు కదా. కాబట్టి ఆదివారం వంటకి మా రూమ్‌లో ఒక్కటే లెక్క: పప్పు, పల్లీ, ఆకుకూర ఎట్లా పెరగాలి, అవి సోమవారం పొద్దున కూడా డబ్బాలో ఎట్లా ఉండాలి.

మొదటి ఐటమ్ లడ్డూ. దీనికి ఒక చరిత్ర ఉంది. ఎన్ఐఎన్ వాళ్లు చాలా ఏళ్ల కింద బరువు తక్కువున్న పిల్లల కోసం ఒక పొడి తయారు చేశారు. పేరే "హైదరాబాద్ మిక్స్". మన ఊరి పేరు మీద బిర్యానీ, హలీమ్ ఉన్నాయని అందరికీ తెలుసు. ఇది ఉందని నాకు మొన్నటిదాకా తెలియదు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు. ఇందులో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది, మీరే పోల్చుకోండి. పాలపొడి లేదు, ఖరీదైన డబ్బా లేదు. కిరాణా షాపులో దొరికే నాలుగు వస్తువులు.

ఈ నాలుగే ఎందుకు? గోధుమ ప్రోటీన్‌లో ఒక రకం ముక్క తక్కువ ఉంటుంది, దాన్ని లైసిన్ అంటారు. అది పప్పులో బాగుంటుంది. పప్పులో తక్కువున్నది గోధుమలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. పల్లీ నూనె వల్ల తక్కువ తిన్నా శక్తి ఎక్కువ వస్తుంది.

ఇది అమ్మకి ఫోన్‌లో చెప్తే అమ్మ ఏమన్నదో తెలుసా? "ఇందులో కొత్తేముంది బిడ్డా, మన సత్తుపిండే కదా!" నిజమే. బతుకమ్మకి మక్కల సత్తు, పెసర సత్తు చేసుకుంటాం కదా, వేయించడం, దంచడం, బెల్లమో చక్కెరో కలపడం. మా జనగామ దిక్కు పొలం పనికి పోయేవాళ్లు మూటలో కట్టుకుపోయిన తిండి అది. ఎంత వెయ్యాలమ్మా అంటే అమ్మ "చూసి వెయ్యి" అంటది. ఎన్ఐఎన్ వాళ్లు ఆ "చూసి వెయ్యి"ని గ్రాముల్లో రాశారు. మన లాంటి కొత్త చేతులకి గ్రాములే దిక్కు.

ఇప్పుడు చేసే పద్ధతి. అన్నిటినీ పదితో గుణించండి. గోధుమలు 400 గ్రాములు, శనగపప్పు 160, పల్లీలు 100, బెల్లం 200. షాపులో 160 గ్రాములు అడిగితే అంకుల్ మన మొహం వింతగా చూస్తాడు. 150 తీసుకోండి, ఏం కాదు. గోధుమల్ని మందపాటి గిన్నెలో సన్న సెగ మీద వేయించాలి. చిటపటమని, కమ్మటి వాసన రావాలి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తింటే కడుపు ఉబ్బరం. శనగపప్పు విడిగా ఎర్రగా వేయించండి. అంత ఓపిక లేకపోతే పుట్నాలు వాడొచ్చు, అవీ శనగలే, ముందే వేయించి ఉంటాయి. పల్లీలు వేయించి పొట్టు తియ్యండి.

పూర్తిగా చల్లారాకే మిక్సీ. ముందు గోధుమలు, కొంచెం కొంచెంగా. చిన్న మిక్సీ అయితే మధ్యలో ఆపుతూ తిప్పండి, లేకపోతే మోటార్ వేడెక్కుతుంది. లేదంటే గోధుమలు, పప్పు కలిపి పిండి గిర్నీకి పట్టుకుపోండి. పల్లీలు మాత్రం గిర్నీలో వెయ్యనివ్వరు, నూనెకి పిండి ముద్ద కడుతుంది. వాటిని ఇంట్లోనే తరిగిన బెల్లంతో కలిపి రెండు తిప్పులు తిప్పితే చాలు. అంతా కలిపి, నాలుగైదు చెంచాల వేడి నెయ్యి పోసి గట్టిగా ఉండలు చుట్టండి. పాలు, నీళ్లు పొయ్యొద్దు, రెండు రోజులకే బూజు పడుతుంది. నెయ్యితో చుట్టి, తడి లేని డబ్బాలో పెడితే వారం హాయిగా ఉంటాయి. మాకు ఇరవై నాలుగు దాకా వస్తాయి. మనిషికి ఆరు, రోజుకొకటి, సోమవారం నుంచి శనివారం. బ్యాగులో వేసుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని తినొచ్చు.

ఇక్కడ రెండు మాటలు క్లియర్‌గా చెప్పాలి. ఒకటి, బెల్లం కూడా చక్కెరే. "బెల్లం కదా, ఎంతైనా తినొచ్చు" అనేది వాట్సాప్ మాట. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకి ఈ డబ్బా పంపకండి. పల్లీ పడనివాళ్లు ఉంటే వాళ్లకీ వద్దు. రెండోది, లడ్డూ తింటే రక్తహీనత పోదు. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లా, ఐరన్ టాబ్లెట్లు మూడు నెలలు వాడా. ఆ కోర్సు అయిపోయేసరికి 12.1 అయింది. టాబ్లెట్ పని టాబ్లెట్‌ది. తిండి సరిగ్గా లేకపోతే మళ్లీ పాత నంబర్‌కి రావడానికి ఎక్కువ టైమ్ పట్టదు.

రెండో ఐటమ్ ఆకుకూర పప్పు. గోధుమలు ఒక బర్నర్ మీద వేగుతుంటే రెండో బర్నర్ ఖాళీగా ఉంచకండి. నలుగురికి ఒక పూటకి కందిపప్పు 150 నుంచి 200 గ్రాములు, రెండు పెద్ద కట్టల తోటకూర, టమాటాలు, పచ్చిమిర్చి. కుక్కర్లో వేసి మూడు విజిల్స్. పైన వెల్లుల్లి తాలింపు. మూత తీసి, కొంచెం చల్లారాక నిమ్మకాయ పిండండి. ఉడికేటప్పుడు పిండితే వేడికి విటమిన్ సీ పోతుంది. నిమ్మకాయ రుచికే అనుకుంటాం గానీ, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టాలంటే ఆ విటమిన్ సీ కావాలి. దీనికి రివర్స్‌లో పని చేసేది మన ప్రాణం, చాయ్. చాయ్‌లో ఉండే టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని ఎన్ఐఎన్ సూచనల్లోనే ఉంది. చాయ్ మానెయ్యమని నేను చెప్పను, అట్లా చెప్పి క్యాంపస్‌లో తిరగలేను. టైమ్ మార్చండి, అంతే.

ఇక ఆదివారం కోడికూర సంగతి. మాకు బగారన్నం, కోడికూర లేకపోతే అది ఆదివారం లాగా ఉండదు. రూమ్ వెతికేటప్పుడు టూలెట్ బోర్డు కింద "వెజిటేరియన్స్ ఓన్లీ" అని రాసిన ఇళ్లు చాలా చూశాం. ఒక ఓనర్ ఆంటీ "గుడ్డు కూడా వద్దమ్మా, వాసన వస్తది" అంది. మా నలుగురిలో ఒకామె అసలు మాంసం ముట్టదు, మిగతా ముగ్గురికి వారానికి ఒక్కరోజు అయినా ఉండాలి. నాలుగు ఇళ్లు వదులుకుని ఐదోది తీసుకున్నాం. అద్దె కొంచెం ఎక్కువ. నెలనెలా ఆ ఎక్కువ డబ్బు కట్టేటప్పుడు అనిపిస్తది, వండుకునే స్వేచ్ఛకి కూడా కిరాయి ఉంది అని. రూమ్‌లో మాత్రం గొడవ లేదు. ఆమె గిన్నె, గరిటె వేరే. పప్పు ముందు దిగుతుంది, కూర తర్వాత ఎక్కుతుంది. ఒకరి ప్లేట్ ఇంకొకరు చూసి మొహం చిట్లించొద్దు, ఇది మా ఇంటి రాజ్యాంగం.

మూడో ఐటమ్ సర్వపిండి. కొన్ని చోట్ల గిన్నప్ప అంటారు, తపాలచెక్క అంటారు. రాత్రి మెస్ బంద్ కదా, ఆ పూటకి ఇది. రెండు గ్లాసుల బియ్యం పిండి, గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, గుప్పెడు వేయించి దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, కారం, ఉప్పు. గోరువెచ్చని నీళ్లతో కలపండి. లోతు గిన్నె లోపలి వైపు నూనె రాసి, చేతితో పల్చగా అద్దండి. వేలితో నాలుగైదు రంధ్రాలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద పన్నెండు, పదిహేను నిమిషాలు. తిప్పాల్సిన పని లేదు. అది కాలుతున్నంతసేపు ఒక చాప్టర్ రివిజన్ అయిపోతుంది. ఇంకో గిన్నె అద్దాలంటే మొదటి గిన్నె పూర్తిగా చల్లారాలి, లేకపోతే చేతులు కాలుతాయి, పిండి కూడా అంటుకోదు.

వీటితో పాటు ఒక పొడి. పల్లీల పొడి కావచ్చు, కరివేపాకు పొడి కావచ్చు. మిగతా రోజుల్లో పొద్దున లేచి కుక్కర్లో అన్నం పెట్టుకుంటాం, కర్రీ పాయింట్‌లో ఒక కూర తెచ్చుకుంటాం. అది చాలనప్పుడు పొడి ఆదుకుంటుంది. నెయ్యి చుక్క వేసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు.

గమనించారా, వారానికి దాచిపెట్టేవన్నీ పొడి వస్తువులే. ఫ్రిజ్ లేని రూమ్‌లో అన్నం, పప్పు, కోడికూర ఏ పూటకి ఆ పూటే. మిగిలిన అన్నం రాత్రంతా బయట పెడితే అందులో బ్యాక్టీరియా విషం తయారు చేస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. చద్దన్నం తినే పెద్దలు నీళ్లో, మజ్జిగో పోసి పులియబెట్టేవాళ్లు, ఆ పద్ధతి వేరు. నిన్నటి అన్నాన్ని పొద్దున ఫ్రైడ్ రైస్ చేసుకోవడం వేరు. కొలిచి వండుకోండి.

హాస్టల్లో ఉండేవాళ్లకి ఒక మాట. చాలా హాస్టళ్లలో ఇండక్షన్ స్టవ్, హీటర్ కాయిల్ పెట్టనివ్వరు. పాత వైరింగ్ మీద నాలుగు రూముల్లో ఒకేసారి స్టవ్‌లు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. దొంగతనంగా వండొద్దు. బయట రూమ్‌లో ఉన్న ఫ్రెండ్స్ దగ్గరికి ఆదివారం సామాను తీసుకుని పోండి. మా దగ్గరికి ఇద్దరు వస్తారు, ఒకామె బెల్లం తెస్తది, ఇంకొకామె పల్లీలు తెస్తది, పోయేటప్పుడు డబ్బా పట్టుకుపోతారు. రూమ్‌లో ఉన్నవాళ్లు గ్యాస్ విషయంలో జాగ్రత్త. సందుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి నింపి ఇస్తారు చూడండి, అది ప్రమాదం, చట్టప్రకారం తప్పు కూడా. కంపెనీల 5 కిలోల చిన్న సిలిండర్ ఐడీ కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. స్టూడెంట్ల లాంటి వాళ్ల కోసమే అది పెట్టారు.

చివరిగా, వంట కన్నా పెద్ద విషయం ఒకటి. ఏ రూమ్‌లో అయినా వంట ఆగిపోయేది రెసిపీ రాక కాదు, గిన్నెలు ఎవరు తోమాలో తేలక. మా రూల్ గోడ మీద రాసి ఉంది: వండినవాళ్లు తోమరు. ఇద్దరు వండితే ఇద్దరు తోముతారు, వచ్చే వారం రివర్స్. ఖర్చు యూపీఐలో అదే రోజు నాలుగు భాగాలు. ఈ మాట అబ్బాయిల రూములకి ఇంకా గట్టిగా చెప్తున్నా. "మాకు వంట రాదు" అనేది డిగ్రీ కాదు తమ్ముళ్లూ, గొప్పగా చెప్పుకోవడానికి. వేయించడం, రుబ్బడం, ఉండ చుట్టడం, ఇందులో రానిదేముంది? ఇంటి నుంచి అమ్మ పంపిన డబ్బా వారంలో అయిపోతుంది. ఆ డబ్బా నింపడానికి అమ్మ కూలి పని నుంచి వచ్చాక రాత్రి కూర్చుంటది. ఇంటి తిండి అంటే అమ్మ చేసిన తిండే కానక్కర్లేదు. మనం ఉన్న చోట, మన చేతులతో వండుకున్నదీ ఇంటి తిండే.

మా అమ్మకి పోయిన నెల ఒక డబ్బా లడ్డూలు పంపా. ఒకటి తిని ఫోన్ చేసింది. "గోధుమలు ఇంకొంచెం వేయించాలె బిడ్డా" అంది. ఈ ఆదివారం ఇంకొంచెం వేయిస్తా. మీరు కూడా 400, 160, 100, 200 అని ఫోన్‌లో రాసుకోండి, శనివారం సాయంత్రమే సామాను తెచ్చి పెట్టుకోండి. చేశాక ఎట్లా వచ్చిందో చెప్పండి, మీ అమ్మ ఏమన్నదో కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా టిఫిన్ మానకండి. ఉంటా మరి.